గూడ్సు బండి దెబ్బ

ఎర్రగుంట్ల ఎండకు తప్పెట చర్మం పగలంతా బిగుసుకునే ఉండేది. రాత్రి మంచు పడితేనే సడలేది. అప్పుడు గడ్డి మంటేసి, తప్పెటను అటూ ఇటూ తిప్పుతూ కాచి, వేలితో ఒక దెబ్బ కొట్టి చూసుకునేవాళ్లు. పీర్ల పండగ రాత్రుల్లో గుండం చుట్టూ మేం ఎగిరింది ఆ శబ్దానికే. 1980లలో మాకు తెలిసిన కచేరీ అదొక్కటే.

వాయించేవాళ్లలో ఒకాయన పగలు నాపరాళ్ల కాడ కూలికి పోయేవాడు. బండను తట్టినప్పుడు కంగుమంటే గట్టిది, బోలుగా మోగితే లోపల పగులున్నట్టు. ఆ చెవే ఆయనకు తప్పెటలోనూ పనికొచ్చిందనుకుంటా. పెండ్లికొక దెబ్బ, జాతరకొక దెబ్బ, చావుకొక దెబ్బ. ఇంట్లో పండుకొని వింటే చాలు, వీధిలో పోయేది ఏ ఊరేగింపో తెలిసిపోయేది. ఆయన మాత్రం ఈ మూడింట్లో లేనిది ఇంకొకటి కొట్టేవాడు. గబగబా రెండు, కాస్త ఆగి మళ్లీ రెండు. మేం నోరు తెరుచుకొని చూస్తాంటే నవ్వి, "ఏం అబ్బీ, గూడ్సు బండి పోయేది ఇనలేదా? అదే కొడ్తాండా" అన్నాడు.

మద్రాసు-బొంబాయి లైను మా ఊరి మీదుగానే పోతుంది. సిమెంటు వ్యాగన్లు పట్టాల అతుకులు దాటే చప్పుడు అందరం విన్నదే. దాన్ని తోలు మీదికి తెచ్చింది ఆయనొక్కడే. ఒక పండగ రాత్రి పక్కనోళ్ల చేతికి రేకు డబ్బా ఒకటి, నాపరాయి పలక ఒకటి ఇచ్చి, వాటి మోతను తప్పెట మధ్యలో కలిపాడు. పెద్దలు "ఇదేం దెబ్బరా, పాడు దెబ్బ!" అని కసిరారు. ఊళ్లో మీసాలు రాని పిల్లలు కూడా ఆయన్ను పేరు పెట్టి, రా అనే పిలిచేవాళ్లు. తప్పెట లేనిదే పండగ జరగదు, శవం లేవదు. తప్పెట పట్టినవాడు మాత్రం అరుగెక్కకూడదు.

చాన్నాళ్లకు టీవీలో బాలసుబ్రహ్మణ్యం కచేరీలో శివమణిని చూశాను. డ్రమ్ములు వదిలి సూట్‌కేసు మీద, బకెట్ మీద, నీళ్ల క్యాన్ మీద వాయిస్తున్నాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. తండ్రి ఆనందన్ మద్రాసులో పేరున్న వాద్యకారుడు. శివమణి ఏడేళ్లకే కర్రలు పట్టాడు. రహమాన్‌తో, జాకిర్ హుసేన్‌తో వాయించాడు. మన తాళాలనూ పడమటి డ్రమ్ములనూ ఒక్క చేతిమీదికి తెచ్చాడు. 2019లో పద్మశ్రీ ఇచ్చారు, తగినవాడికే ఇచ్చారు. ఆయన విద్వత్తును మా ఊరాయనతో తూచడం నా ఉద్దేశం కాదు. కానీ రేకు డబ్బాను వాద్యం చెయ్యాలన్న బుద్ధి ఇద్దరిదీ ఒకటే. ఒకరికి దాన్ని ప్రయోగమన్నారు, ఇంకొకరికి పాడు దెబ్బన్నారు. మా స్టేషన్‌లో రైలెక్కితే మద్రాసు ఒక రాత్రి ప్రయాణమే. మా ఊరాయన్ను ఆ రైలెక్కించాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 50 ఏళ్లు దాటిన డప్పు (మా తప్పెటే) కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. మంచిదే. సభలు జరిపే పెద్దలకు నాదొక మనవి: నాయకుడి కారు ముందు వాళ్లను ఎండలో నడిపించడం మానండి. వేదిక ఎక్కించి, కుర్చీ వేసి, మైకు పెట్టి, గంటసేపు వాళ్లకు తోచింది వాయించనియ్యండి.