మోటారు వేస్తే... పద్యం ఆగిపోయింది!

తెనాలిలో ఆ ఇంట్లో తెల్లవారేది పద్యంతోనే. ఐదున్నరకల్లా ఆవిడ లేచి, వాకిలి చిమ్మి, ముగ్గేసి లోపలికొస్తారు. షెల్ఫులోని చిన్న పెట్టె పక్కనున్న మీట నొక్కుతారు. అంతే... హాలంతా గజేంద్రమోక్షం పద్యాలు!

పాడుతున్నది పేరున్న గాయకుడు కాదు, ఆవిడ భర్త. హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేశారు. సాయంత్రాలు ఇంట్లో కూర్చుని పాడుకునే పద్యాల్ని 1980ల్లో టేప్‌రికార్డర్‌లో పట్టి ఉంచారు. ఆయన 2018లో కన్నుమూశారు. అప్పటికే క్యాసెట్లకు బూజు పట్టింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు వాటిని ఒక్కొక్కటిగా తుడిచి, కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఎక్కిస్తుండగానే కొన్ని క్యాసెట్ల టేపు తెగిపోయింది. అంటే... ఇక ఉన్నది ఆ ఒక్క హార్డ్‌డిస్కే.

అమ్మకు ఫోన్లూ యాప్‌లూ పడవని, 2021లో వాడే ఓ ‘స్ట్రీమర్’ తయారుచేసిచ్చాడు. అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై 4 కంప్యూటరు, డిజిటల్ పాటను చెవికి వినపడే శబ్దంగా మార్చే చిన్న డ్యాక్ పరికరం, ఓ హార్డ్‌డిస్కు, రెండు స్పీకర్లు. కరెంటు కోసం ఇంట్లో పడున్న పాత ఫోన్ ఛార్జరు. ప్లగ్గు దూరంగా ఉందని రెండు మీటర్ల కేబుల్ కొనుక్కొచ్చి తగిలించాడు.

రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. ఆ తర్వాతే మొదలైంది గొడవ. పద్యం నడుమ టిక్కు టిక్కుమని శబ్దం. ఒక్కోసారి ఉన్నట్టుండి మౌనం. నిమిషం తర్వాత మళ్లీ దానంతటదే మొదట్నుంచీ.

‘‘ఒరే నాన్నా, మీ నాన్నగారు మళ్లీ మధ్యలో ఆపేశార్రా’’ అని ఆవిడ ఫోను.

తప్పంతా సాఫ్ట్‌వేర్‌దే!

కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అతని అనుమానం సహజంగానే సాఫ్ట్‌వేర్ మీదికి పోయింది. రాత్రిపూట హైదరాబాద్ నుంచే ఆ పెట్టెలోకి లాగిన్ అయ్యేవాడు. ముందు వైఫై మీద పడ్డాడు. అది నిద్రలోకి జారుకోకుండా పవర్ సేవింగ్ ఆపేశాడు. నిజానికి పాటలున్నది పక్కనే ఉన్న డిస్కులో, వైఫైతో వాటికి పనే లేదు! తర్వాత బఫర్ పెంచాడు. వోల్యూమియో తీసేసి మూడ్ ఆడియో వేశాడు. ప్రతిసారీ రాత్రి పరీక్షిస్తే అంతా భేషుగ్గా ఉండేది. తెల్లారేసరికి మళ్లీ అమ్మ ఫోను.

ఓ స్నేహితుడు ‘లీనియర్ పవర్ సప్లయ్’ కొనమన్నాడు. మామూలు ఛార్జరు కరెంటును సెకనుకు వేలసార్లు తెంపి అతికి ఐదు వోల్టులకు తెస్తుంది. లీనియర్‌లో ఆ తెంపడాలుండవు, బరువైన ట్రాన్స్‌ఫార్మరు నెమ్మదిగా ఆ పని చేస్తుంది. సంగీతప్రియులు దానికి వేలకు వేలు పోస్తారు. కొడుకూ ఆర్డరు పెట్టబోయాడు.

అంతలో ఓరోజు ఉదయం పెట్టె అసలు లేవనేలేదు. ‘‘మీ నాన్నగారి గొంతు పోయిందిట్రా?’’ అన్నారావిడ. ఫోన్లో ఆ మాట తర్వాత ఇంకేమీ వినపడలేదు. ఆ శనివారమే అతను తెనాలి బస్సెక్కాడు.

క్యాలెండర్లో ‘ఆ’

పోయింది పద్యాలు కాదు, సాఫ్ట్‌వేర్ ఉండే మెమరీ కార్డు. పని మధ్యలో కరెంటు పదేపదే పడిపోతే కార్డులోని ఫైళ్లు చెడిపోతాయి. డిస్కు మాత్రం క్షేమం. ముందు దాన్ని తన ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుని, అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు.

కొత్త కార్డు వేస్తుంటే అమ్మ గోడమీది క్యాలెండర్ తెచ్చి ముందు పెట్టారు. పాల లెక్క రాసుకునే క్యాలెండరది. ప్రతి తేదీ కిందా పాల లెక్క పక్కనే చాలా చోట్ల చిన్నగా ‘ఆ’ అని ఉంది. ‘‘ఆగిన రోజులు’’ అన్నారు. అన్నిటి పక్కనా ఏడు, ఏడుంబావు అని టైము. ఆదివారాలు మాత్రం తొమ్మిది.

‘‘ఆ టైములో ఏం చేస్తావమ్మా?’’

‘‘ఏముందీ... పనమ్మాయి వచ్చే వేళ. మోటారు వేస్తా. ఆదివారం అది ఆలస్యంగా వస్తుంది.’’

కొడుకు చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది.

ఆ చిన్న కంప్యూటర్‌కు అందే కరెంటు 4.63 వోల్టుల కన్నా తగ్గితే, ఆ సంగతిని అది గుర్తుపెట్టుకుంటుంది. తెర తగిలించి ఉంటే మూలన మెరుపు గుర్తు కనిపిస్తుంది. స్ట్రీమర్‌కు తెర ఎక్కడిదీ! అయితే ఒక ఆదేశమిస్తే అంకెల్లో చెబుతుంది. ఏ ఇబ్బందీ లేకపోతే సున్నా. కాకపోతే యంత్రాన్ని మళ్లీ స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది. రాత్రి రాత్రికీ సాఫ్ట్‌వేర్ మారుస్తూ అతను చెరిపేస్తున్నది ఆ సాక్ష్యాన్నే!

పద్యం పెట్టారు. అడిగితే సున్నా. ‘‘ఇప్పుడు వెయ్యమ్మా’’ అన్నాడు. పెరట్లో మోటారు ఘుర్రుమంది. హాల్లో బల్బు ఓసారి మసకబారింది. పద్యం టిక్కుమంది. మళ్లీ అడిగితే... 50000! ‘కరెంటు చాల్లేదు, అందుకని వేగం తగ్గించుకున్నాను’ అని దాని భాష.

0.4 వోల్టుల కథ

మోటారు తిరగడం మొదలెట్టే క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఇంటి వోల్టేజీ ఓ క్షణం కుంగుతుంది. మంచి అడాప్టరుకు అదో లెక్క కాదు, లోపలి కెపాసిటర్లో దాచుకున్నదాంతో ఆ క్షణాన్ని నెట్టుకొస్తుంది. ఏళ్లు గడిచి కెపాసిటర్ ఎండిపోయిన పాత ఛార్జరుకు ఆ ఓపిక ఉండదు.

దానికి తోడు ఆ పొడుగాటి సన్నని కేబుల్. దాని నిరోధం 0.2 ఓములనుకుంటే, కంప్యూటరూ డిస్కూ కలిసి 2 ఆంపియర్లు లాగినప్పుడు తీగలోనే 0.4 వోల్టులు పోతాయి. ఐదులో 0.4 తీసేస్తే 4.6. గీత దాటనే దాటింది! రెండేళ్లుగా ఆ పెట్టె అంచునే నిలబడి పాడుతోందన్నమాట. ఛార్జరు ముసలిదయ్యాక మోటారు ఓ తోపు తోసింది, అంతే.

ఈసారి అతను ఒక్కసారికి ఒక్కటే మార్చాడు. ముందు పొట్టి, లావుపాటి కేబుల్. టిక్కులు తగ్గాయి, పోలేదు. తర్వాత ఆ కంప్యూటర్ కోసమే చేసిన 5.1 వోల్టుల, 3 ఆంపియర్ల అడాప్టరు. తీగలో పోయేది పోగా సరిపోవాలనే ఆ పాయింటు ఒకటి ఎక్కువ. మోటారు మూడుసార్లు వేసి చూశారు. మూడుసార్లూ సున్నా. హార్డ్‌డిస్కుకు విడిగా కరెంటందే హబ్ పెట్టాడు. దాన్నీ ఇన్వర్టర్ లైనుకు కలిపాడు. వేలు పోసే లీనియర్ సప్లయ్‌తో పనే పడలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఆ రాత్రి చేశాడు. పద్యాలన్నిటికీ మరో రెండు కాపీలు. ఒకటి హైదరాబాద్‌లో తన దగ్గర, ఒకటి అక్క ఇంట్లో. గొంతు ఒక్కచోటే ఉంటే ఎంత ప్రమాదమో తెలిసొచ్చింది మరి. ఆపేయాలంటే ప్లగ్గు పీకకుండా ముందు మీట నొక్కాలని అమ్మకు చెప్పాడు. ఆవిడ అదీ క్యాలెండర్ మీదే రాసుకున్నారు.

ఆ తర్వాతి నెల క్యాలెండర్లో పాల లెక్క తప్ప ఒక్క ‘ఆ’ కూడా లేదు. ఇప్పుడు ఎప్పుడైనా మోటారు వేసుకోవచ్చు, పద్యం ఆగదు. అయినా పనమ్మాయి వచ్చి ‘నీళ్లు లేవమ్మా’ అంటే ఆవిడ చెయ్యెత్తి ఆగమంటారు.

పద్యం పూర్తయ్యాకే మోటారు వేస్తారు.