ఇంట్లోకి ఒక పాయింట్ టూ టూ

రైఫిల్ రివ్యూలు చదవడం కూడా ఒక వ్యసనమే. నవలల మీద వచ్చే సమీక్షలకన్నా వీటిలో నిజాయితీ కాస్త ఎక్కువ. తుపాకీ బాగుందని రాసినవాడు, యాభై గజాల నుంచి దానితో కాల్చిన కాగితం కూడా చూపించాలి. అయిదు చిల్లులూ పక్కపక్కనే పడ్డాయా లేదా, అంతే. గ్రీన్‌కార్డు వచ్చాక నాలుగు నెలలు నేను నవలలు పక్కనపెట్టి ఇవే చదివాను. (హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నన్నాళ్ళూ, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గరుంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం.) మేముండేది టెక్సస్‌లో.

వేట నాకు అక్కర్లేదు. ఆత్మరక్షణ అన్న మాట మా ఇంట్లో ఎత్తే ప్రశ్నే లేదు. శనివారం పొద్దున్నే రేంజికి వెళ్ళి కాగితం మీద గురి చూసుకోవాలి, అంతవరకే. దానికి అందరూ చెప్పేది పాయింట్ టూ టూ లాంగ్ రైఫిల్. ఈ తూటా 1887 నుంచీ ఉంది. పెద్ద తూటాలకి అడుగున మధ్యలో ప్రైమర్ ఉంటుంది. దీనికి ఆ మందు అడుగు అంచు లోపల చుట్టూ ఉంటుంది, పిన్ను ఆ అంచుని కొడితే పేలుతుంది. రిమ్‌ఫైర్ అన్న పేరు అందుకే. చవక, చప్పుడు తక్కువ, భుజాన్ని తన్నదు. అలాగని బొమ్మ తుపాకీ అనుకోకూడదు. రెండున్నర గ్రాముల ఆ సీసం మైలు దాటి వెళ్ళగలదు, మనిషిని చంపగలదు.

కొత్తవాళ్ళకి చెప్పే పేర్లు తిరిగి తిరిగి మూడు నాలుగు దగ్గరే ఆగుతాయి. మొదటిది 1964లో వచ్చిన రూగర్ 10/22. సెమీ ఆటోమేటిక్. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒకటి పేలుతుంది, తర్వాతది దానంతటదే ఎక్కుతుంది. పది తూటాల మ్యాగజైన్ తుపాకీ పొట్టలో పూర్తిగా ఇమిడిపోతుంది. బారెల్, ట్రిగ్గర్, కర్ర, అన్నింటికీ వేరే కంపెనీల విడిభాగాలు దొరుకుతాయి. మా వృత్తివాళ్ళకి ఇది ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులా కనిపిస్తుంది. తుపాకీ ధరకి రెండింతలు దాని మార్పులమీదే పెట్టిన కొలీగ్ ఒకడున్నాడు నాకు.

రెండోది 1960 నాటి మార్లిన్ మోడల్ 60. కోటికి పైగా అమ్ముడుపోయాయి. ఇదీ సెమీ ఆటోనే కానీ విడి మ్యాగజైన్ లేదు, బారెల్ కింది సన్నటి గొట్టంలోకి తూటాలు జారవిడవాలి. పాత వస్తువుల అందం ఉంది దీనికి. చిక్కల్లా ఏమిటంటే, గొట్టంలో ఒకటి మిగిలిపోయిందేమో పైకి చూస్తే తెలియదు.

మూడోది చెక్ దేశపు సీజెడ్ 457. బోల్ట్ యాక్షన్. ప్రతి తూటాకీ బోల్టు చేత్తో పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకి తోయాలి. సావేజ్ మార్క్ టూ కూడా ఈ పద్ధతిదే, ధర తక్కువ. బోల్ట్ యాక్షన్‌తో ఇంకో సుఖం, నెమ్మది తూటాలు వాడుకోవచ్చు. ధ్వనివేగం దాటి బయల్దేరిన పాయింట్ టూ టూ తూటా, వంద గజాల లోపే ఆ వేగం కిందికి జారేటప్పుడు కాస్త తడబడుతుంది. మొదటినుంచీ ధ్వనివేగం లోపలే వెళ్ళేదానికి ఆ తడబాటు ఉండదు. సెమీ ఆటోల్లో అలాంటి తూటాలు ఒక్కోసారి తర్వాతదాన్ని ఎక్కించలేక ఇరుక్కుంటాయి.

బోల్టు నాకు కొత్త కాదు. కాలేజీలో ఎన్‌సీసీ వాళ్ళు మాకిచ్చింది పాయింట్ టూ టూ డీలక్స్, అదీ బోల్ట్ యాక్షనే. ఏడాదంతా ఎండలో కవాతు చేయించి, ఒకరోజు బోర్లా పడుకోబెట్టి అయిదు తూటాలిచ్చారు. ఖాళీ తొడుగులు లెక్కపెట్టి అప్పజెప్పేదాకా ఎవర్నీ కదలనివ్వలేదు. అయిదే ఉన్నాయని తెలిసినప్పుడు ఒక్కోదానికీ ఎంత ఊపిరి బిగబడతామో నాకింకా గుర్తుంది.

ఇదంతా మా ఆవిడకి ఉత్సాహంగా చెప్పాను. ఓపిగ్గా విన్నది. "పాపకి ఆరేళ్ళు. దాని చేతికి దొరికితే? నీ రివ్యూల్లో దానికి మార్కులేమైనా వేశారా?" అంది. వేయలేదు. 2022 మే నెలలో ఇదే రాష్ట్రంలో, యువాల్డీ బడిలో పంతొమ్మిది మంది పిల్లల్నీ ఇద్దరు టీచర్లనీ ఒకడు కాల్చి చంపాడు. మా పాప బడిలో తలుపులేసుకుని, లైట్లార్పి, చప్పుడు చెయ్యకుండా కూర్చోవడం నేర్పిస్తారు. వాడు వాడిన తుపాకీ వేరు, ఇది వేరు అని నేను సాంకేతికంగా వివరించగలను. ఆవిడ అడిగింది అది కాదు. పదిహేడేళ్ళ లోపు పిల్లల చేతికి తూటాలున్న తుపాకీ అందేలా వదిలేస్తే టెక్సస్ చట్టం శిక్షిస్తుంది. ఆ శిక్ష ఎప్పుడైనా జరగాల్సింది జరిగిపోయాకే.

ఈ ప్రశ్న పెట్టుకుని మళ్ళీ చదివితే మూడు తుపాకులూ వేరేగా కనిపించాయి. మంచి సేఫ్ ఉంటే దేన్నైనా భద్రంగా ఉంచొచ్చు, నిజమే. కానీ అది ఖాళీదో కాదో నాకు తెలిస్తే చాలదు, తుపాకీ అంటేనే పడని మనిషికి కూడా కంటితో చూస్తే తెలియాలి. బోల్ట్ యాక్షన్‌లో బోల్టు మొత్తం ఊడొస్తుంది. వెనకనుంచి చూస్తే బారెల్ ఆ చివరనున్న వెలుగు కనిపిస్తుంది. ఇక అది పేలడానికి లేని ఇనప గొట్టం, కర్ర. సీజెడ్ కొన్నాను.

రైఫిల్ నా సేఫ్‌లో, తూటాలు గరాజ్‌లో తాళం వేసిన పెట్టెలో, బోల్టు ఆవిడ బీరువాలో ఉంటాయి. ఆ బీరువా తాళం నాకివ్వలేదు, నేనడగలేదు. రేంజిలో కొలీగ్ పది కాల్చేసి కాఫీ తాగే వేళకి నేను మూడోదాని దగ్గరుంటాను. ప్రతి శనివారం పొద్దున బోల్టు అడిగి తీసుకుంటాను. టీవీలో మళ్ళీ ఏదో బడి పేరు వినపడిన వారం మాత్రం అడగడానికి నోరు రాదు. ఆ వారం ఆవిడా ఏమీ అనదు.