పలకని అక్షరం

బ్రాడీపేట నాలుగో లైనులో, మా ఇంటి వసారాలో ఇంటర్ పిల్లలకి ఫ్రెంచి చెబుతుంటాను. రెండో భాషగా మార్కుల కోసం తీసుకున్నవాళ్లే అందరూ. క్రియారూపాలు తప్పులేకుండా రాస్తారు, నోరు మాత్రం విప్పరు. నేనూ అలా చదువుకున్నదాన్నే. నాకు నేర్పిన మేడమ్‌ది యానాం, 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న ఊరు. "రాసింది చూడకు, విను" అనేవారు ఆవిడ.

'వాళ్లు మాట్లాడతారు' అనే రూపం కాగితం మీద రెండు ముక్కలు. నోట్లో ఒకటే: 'పార్ల్'. చివరి మూడక్షరాలూ మూగవి. ఒకామె మాట్లాడినా, ఆడవాళ్లంతా మాట్లాడినా చెవికి 'ఎల్ పార్ల్' అనే వినిపిస్తుంది. మాటను అచ్చుతో ముగించడం అలవాటైన మా పిల్లలు 'పార్లె' అంటారు.

క్రియ అచ్చుతో మొదలైతే సంగతి వేరు. 'ఆమె ప్రేమిస్తుంది' ఎ-లెమ్. ఆడవాళ్లు పలువురైతే ఎల్-జెమ్. అంతదాకా మూగగా ఉన్న బహువచనపు సకారం పక్కమాటను తాకగానే, మన 'జడ'లోని జకారానికి దగ్గరగా పలుకుతుంది. ఆ గుంపులోకి ఒక్క మగాడొస్తే చాలు, 'ఎల్' కాస్తా 'ఇల్' అయిపోతుంది. వందమంది ఆడవాళ్లున్నా అంతే.

"మన 'వాళ్లు' నయం కదా మేడమ్" అంటారు ఆడపిల్లలు. నిజమే, అందులో ఆడా మగా తేడా లేదు. ఏకవచనం గురించి నేనూ ఆలోచించలేదు, అమ్మ పోయేదాకా.

నాన్న పోయినప్పుడు బంధువులకి ఫోన్లు చేసి "నాన్నగారు పోయారు" అన్నాను. ఆరేళ్ల తర్వాత "అమ్మ పోయింది" అన్నాను. ఆ సాయంత్రం వీధిలో ఎవరో "కరెంటు పోయింది" అని కేకేశారు. అదే క్రియ, అదే ముగింపు. 'పోయారు' అనే రూపం అమ్మకీ ఉంది. మా ఇంట్లో ఎవరూ వాడలేదు, అంతే. అది దగ్గరితనం అంటాడు అన్నయ్య. మరి నాన్న దూరమా?

నెల తిరక్కుండానే పాఠంలో 'చనిపోవు' క్రియ వచ్చింది. అతనైతే ఇ-లె-మోర్. ఆమెయితే ఎ-లె-మోర్త్. చివర చేరిన స్త్రీలింగపు అక్షరం తాను పలకదు, ముందున్న మూగ తకారాన్ని పలికిస్తుంది. అన్ని క్రియలకీ ఇలా జరగదు. 'వెళ్లిపోయింది' అనే అర్థంలో 'పార్తి'కి ఆ అక్షరం రాతలోనే ఉంటుంది, అతను వెళ్లినా ఆమె వెళ్లినా చెవికి ఒకటే. ఆ రోజు 'మోర్త్' దగ్గర నా గొంతు ఆగింది. పిల్లలు తలలు వంచుకుని రాసుకున్నారు.

మొన్న సంవత్సరీకానికి పిలుస్తూ పిన్నికి ఫోన్ చేశాను. "అమ్మ పోయారు కదా పిన్నీ, వచ్చే గురువారానికి ఏడాది" అన్నాను.

పిన్ని కంగారుపడింది. "ఎవరే? ఎవరు పోయారు?"