అమ్మ బండి స్లోలో నిలబడాలంటే...

2015 వానాకాలం. తిరుమలగిరి చౌరస్తాలో సిగ్నల్ పడింది. ముందు ఆటో, వెనక బస్సు, మధ్యలో మా డియో. వెనక సీట్లో అమ్మ. కళ్లద్దాల మీద నీళ్లు తుడుచుకుందామని ఒక్క క్షణం బ్రేకు మీంచి చెయ్యి తీశానంతే. యాక్సిలరేటర్ ముట్టుకోకుండానే బండి దానంతటదే ముందుకి పోయి ఆటోకి గుద్దుకుంది. దెబ్బలేం తగల్లేదు. ఆటో అన్న తిట్టాల్సినవన్నీ తిట్టాడు. అమ్మ మాత్రం ఒక్క మాటా అనకుండా దిగి, గొడుగు తెరిచింది.

"నేను నడ్సుకుంట వస్త. నువ్వు పో."

ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఆమె ఆ బండి ఎక్కలేదు. అసలు బండి ఆమెది.

2008లో చిట్టీ ఎత్తి కొన్న డియో అది. 102 సీసీ. పొద్దున్నే కంటోన్మెంట్ రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు నేర్చుకుని, వారం తిరక్కుండా బొల్లారంలోని స్కూల్‌కి తనే నడుపుకుంటూ వెళ్లిపోయింది. మా వాడలో బండి నడిపిన మొదటి టీచరమ్మ తనే అని ఇప్పటికీ చెప్పుకుంటుంది. తర్వాత నేను ఇంటర్‌కొచ్చాను. బండి మెల్లగా నా చేతికొచ్చింది. ఏం చేశానో మీలో సగం మందికి చెప్పకుండానే తెలిసిపోయి ఉంటుంది.

పుత్లీబౌలి వెళ్లి ఫ్రీ ఫ్లో సైలెన్సర్ తెచ్చాను. ఎయిర్ ఫిల్టర్ డబ్బా పీకేసి కోన్ ఫిల్టర్ తగిలించాను. వేరియేటర్‌లో తేలిక రోలర్లు వేయించాను. అద్దాలు రెండూ తీసేశాను (ఎందుకో నన్నడగొద్దు). లాల్ బజార్‌లో మలుపు తిరిగితే మా ఇంటిదాకా వినబడేది. స్పీడు పెరిగిందా అంటే, సౌండ్ పెరిగింది. ఆ వయసులో రెండూ ఒకటే.

కానీ సిగ్నల్ దగ్గర ఆగితే బండీ ఆగిపోయేది. యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో పటపటమని పేలుళ్లు. నేను కనిపెట్టిన వైద్యం, ఐడ్లింగ్ స్క్రూ ఒకటిన్నర చుట్టు బిగించడం. బండి ఆగడం మానేసింది. బదులుగా ముందుకి పాకడం మొదలుపెట్టింది. గేర్లు లేని బండిలో క్లచ్ ఇంజిన్ వేగాన్ని బట్టి దానంతటదే పట్టుకుంటుంది. ఐడ్లింగ్ మరీ పెంచితే, ఆగి ఉన్నా క్లచ్ పట్టేసి చక్రాన్ని లాగుతుంది. చౌరస్తాలో జరిగింది అదే.

ఉద్యోగం వచ్చి నేను బైక్ కొనుక్కున్నాక డియో మెట్ల కింద పడి ఉంది. 2023లో దాని రిజిస్ట్రేషన్‌కి 15 ఏళ్లు నిండబోతున్నాయి. రెన్యువల్ చేయిస్తే ఇంకో 5 ఏళ్లు. దానికి బండిని ఆర్టీఏ ఆఫీసుకి తీసుకెళ్లి చూపించాలి. ఆఫీసు మా తిరుమలగిరిలోనే. ఆ సైలెన్సర్‌తో వెళ్తే ఏమవుతుందో తెలుసు కాబట్టి, "తుక్కుకి ఇచ్చేద్దామే" అన్నాను.

అమ్మ కూర తరగడం ఆపలేదు. "నాకింకా నాలుగేండ్ల సర్వీసున్నది. రెండు బస్సులు మారుడు మోకాళ్లతోని అయితలేదు. నువ్వు ఖరాబు జేసినవ్, నువ్వే సక్కగ జెయ్యి. నేను నడుపుకుంట."

ఇక నోరెత్తలేదు.

లోత్‌కుంట వైపు ఒక పాత మెకానిక్ ఉన్నాడు. అందరూ ఉస్తాద్ అంటారు. బండి తోసుకుంటూ వెళ్లేసరికి చెమటతో తడిసిపోయాను. ఆయన స్టార్ట్ చేసి, ఒకసారి రేస్ ఇచ్చి వదిలేశాడు. ఇంజిన్ వేగం వెంటనే దిగలేదు. పైనే వేలాడి, నిమ్మళంగా దిగి, చచ్చిపోయింది.

"గాలి ఎక్కువైంది తమ్మీ. ఊపిరాడక కాదు, ఊపిరెక్కువై సస్తున్నది."

లెక్క ఇది. ఒక గ్రాము పెట్రోల్ పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. కంపెనీవాళ్లు ఆ ఫిల్టర్ డబ్బా, ఆ సైలెన్సర్ ఉంటాయనుకునే కార్బ్యురేటర్‌లో జెట్ల సైజు పెట్టారు. నేను గాలికి తలుపులు బార్లా తెరిచాను, పెట్రోల్ దారి మాత్రం అంతే ఉంచాను. పైగా అప్పట్లో ఒక రోడ్డు పక్క మెకానిక్‌తో పెద్ద మెయిన్ జెట్ వేయించాను. మెయిన్ జెట్ పని యాక్సిలరేటర్ బాగా తిప్పినప్పుడే. స్లోలో, అంటే ఐడ్లింగ్‌లో, ఇంజిన్‌కి తిండి పెట్టేది స్లో జెట్, దాని పక్కనుండే పైలట్ స్క్రూ. అందుకే స్లో బాగుపడలేదు, మైలేజ్ మాత్రం 45 నుంచి 30కి పడిపోయింది. తలనొప్పికి మోకాలికి కట్టు కట్టినట్టు.

మొదట నేను బతిమాలాను. "సైలెన్సర్ ఉండనీ ఉస్తాద్, దానికి తగ్గట్టే ట్యూన్ చెయ్యి." ఆయన కాదనలేదు. ఒక సైజు పెద్ద స్లో జెట్ వేసి, గంటసేపు కూర్చుని కుదిర్చాడు. నిజంగానే కుదిరింది. మార్పులు చేసిన బండి స్లోలో నిలబడదని కాదు, మార్చిన ప్రతి దానికీ జెట్లు కూడా మార్చుకుంటూ పోవాలి. సంబరంగా ఇంటికొచ్చాను. మర్నాడు వాన. జూలై వానలు. బయటకి తెరిచి ఉన్న కోన్ ఫిల్టర్ తడిసి ముద్దయింది. ఇంజిన్ మళ్లీ మొదటికొచ్చింది. వానొస్తే ఒకలా, ఎండొస్తే ఒకలా ఉండే బండిని అమ్మ చేతికి ఎలా ఇస్తాను?

ఇంకా నయం, పాత సైలెన్సర్ గోనెసంచిలో చుట్టి అటక మీద ఉంది. అమ్మే దాచింది. ఫిల్టర్ డబ్బా సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. రోలర్లు మాత్రం ఉంచమన్నాడు ఉస్తాద్. "టాప్ స్పీడ్ తగ్గుతది, ఎక్కుడులో లాగుతది. అమ్మకి స్పీడెందుకు?" నేను చేసిన వాటిలో పనికొచ్చింది అదొక్కటే.

అన్నీ పాతవి పెట్టినా బండి నిలబడలేదు! నేను డీలా పడ్డాను. ఉస్తాద్ కార్బ్యురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య అతుకు మీద క్లీనర్ స్ప్రే కొద్దిగా కొట్టాడు. ఇంజిన్ వేగం చటుక్కున మారింది. అక్కడ సీల్ ఎండిపోయి గట్టిపడి, సందులోంచి గాలి దొంగతనంగా లోపలికి పోతోంది. (ఈ పరీక్ష వేడి ఇంజిన్ మీద మీరు చేయకండి, నిప్పుతో చెలగాటం.) సీల్ మార్చాడు. ట్యాపెట్లు ఫీలర్ గేజ్‌తో సెట్ చేశాడు. స్లో జెట్ విప్పి నా చేతిలో పెట్టి, "ఎండకి పెట్టి సూడు" అన్నాడు. సన్నటి రంధ్రం. వెలుతురు రాలేదు. ఏళ్ల తరబడి నిలవున్న పెట్రోల్ జిగురులా కట్టుకుపోయింది. నేను తీగ కోసం వెతుకుతుంటే కోప్పడ్డాడు. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై జెట్ సైజే మారిపోతుందట. నానబెట్టి, గాలి కొట్టించాడు. ఈసారి ఎండ చుక్క కనబడింది.

ఇక అసలు పని. ముందు పది నిమిషాలు బండి తిప్పుకు రమ్మన్నాడు, చల్లటి ఇంజిన్ మీద ట్యూనింగ్ చేస్తే అది అబద్ధం చెబుతుందని. తిరిగొచ్చాక స్క్రూడ్రైవర్ నాకిచ్చాడు. "నువ్వే జెయ్యి."

ఇంజిన్ ఆపి, పైలట్ స్క్రూ మెల్లగా లోపలికి తిప్పాను, ఆగేదాకా. గట్టిగా బిగిస్తే మొన పాడవుతుంది. అక్కణ్నుంచి రెండు చుట్లు బయటికి. స్టార్ట్ చేశాను. పావు చుట్టు తిప్పడం, వినడం. మళ్లీ పావు, మళ్లీ వినడం. ఒకచోట శబ్దం నునుపై, వేగం అన్నిటికంటే పైకెళ్లింది. దాటితే మళ్లీ గరగర. ఆ పైకెళ్లిన చోట స్క్రూ ఆపి, ఐడ్లింగ్ స్క్రూతో వేగం తగ్గించాను. మళ్లీ పైలట్, మళ్లీ ఐడ్లింగ్. మూడుసార్లు. ఒక్కసారి ఒక్కటే మార్చాలి. రెండూ కలిపి తిప్పితే ఏది బాగుచేసిందో, ఏది పాడుచేసిందో తెలీదు. సెంటర్ స్టాండ్ మీద వెనక చక్రం కొద్దిగా కదులుతోంది, కానీ బ్రేకు వేలితో తాకితే ఆగిపోతోంది. క్లచ్ పట్టడం లేదన్నమాట.

నా చెవికి అద్భుతంగా ఉంది. ఆర్టీఏ దారిలో పొల్యూషన్ వ్యాన్ దగ్గర ఆపాను. ఈ పరీక్ష స్లోలోనే చేస్తారు, సైలెన్సర్‌లో గొట్టం పెట్టి. 2000 తర్వాతి ఫోర్ స్ట్రోక్ బండి కదా, కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం దాటకూడదు, హైడ్రోకార్బన్లు 4,500 పీపీఎం దాటకూడదు. మాది 4.1 చూపించింది. నునుపు కోసం పెట్రోల్ కాస్త ఎక్కువిచ్చేశాను. ఉస్తాద్‌కి ఫోన్ చేస్తే నవ్వి, "అరపావు లోపలికి" అన్నాడు. వ్యాన్ పక్కనే, రోడ్డు మీదే తిప్పాను. 2.3. ఇంటికొచ్చాక ప్లగ్ విప్పి చూస్తే మొన బిస్కెట్ రంగులో ఉంది. తెల్లగా ఉంటే పెట్రోల్ తక్కువ, నల్లగా మసి పడితే ఎక్కువ.

2020 ఏప్రిల్ తర్వాత బీఎస్ 6 బండి కొన్నవాళ్లకి ఈ కథ వింతగా ఉండొచ్చు. మీ స్కూటర్‌లో ఆ లెక్క కంప్యూటర్ చూసుకుంటుంది. మా ఏపీ 10 నంబర్ బండికి మాత్రం చెవులే దిక్కు.

రెన్యువల్ అయింది. ఆదివారం పొద్దున అమ్మకి తాళం ఇచ్చాను. చీర కొంగు నడుముకి దోపి, హెల్మెట్ పెట్టుకుని కూర్చుంది. సెల్ఫ్ నొక్కింది. చాలాసేపు కదల్లేదు. వింటోంది. ఒకసారి రేస్ ఇచ్చి వదిలింది. ఇంజిన్ దిగి, నిలబడింది. వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

నేను గేటు దగ్గరే ఉన్నాను. ఒకప్పుడైతే చౌరస్తా దాకా ఎక్కడుందో చప్పుడుని బట్టి చెప్పేవాణ్ని. ఇప్పుడు మలుపు తిరగ్గానే ఏమీ వినబడలేదు. పదిహేను నిమిషాలు, ఇరవై. ఫోన్ చేద్దామా అనుకుంటుండగా వచ్చింది. హ్యాండిల్‌కి కూరగాయల సంచి.

"ఎట్లుందమ్మా? సిగ్నల్ కాడ ఆగిందా?"

"ఆగలే." హెల్మెట్ తీసి నా చేతికిచ్చింది. "అద్దాలు ఏడబెట్టినవ్? వెనక ఏమొస్తున్నదో కనవడ్తలేదు. రేపు స్కూలుకి పోవాలె, ఇయ్యాల్నే పెట్టియ్యి."