ఏ బడి మంచిది?

పిల్లలూ! మా ఇల్లు చిక్కడపల్లిలో ఉన్నది. సాయంకాలం నగర కేంద్ర గ్రంథాలయం దాకా నడవటం నాకు అలవాటు. మొన్న దారిలో అశోక్‌నగర్ పిల్లలిద్దరు, "మా బడి గొప్ప!" "కాదు, మా బడే గొప్ప!" అని వాదులాడుకుంటున్నారు. నన్ను చూడగానే, "తాతగారూ, మీరు హెడ్మాస్టరుగా చేశారుగా! ఏ బడి మంచిదో మీరే చెప్పండి," అన్నారు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఎందుకంటే, వెనక ఒకసారి తొందరపడి చెప్పి పెద్ద తప్పు చేశాను.

1994లో నేను నల్లగొండ జిల్లాలోని ఒక చిన్న ఊళ్లో ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టర్ని. మా ఆరో తరగతికి రెండు ప్రాథమిక పాఠశాలల నుంచి పిల్లలు వచ్చేవారు. ఒకటి ఊరి బడి. అక్కడ ముగ్గురు ఉపాధ్యాయులు. రెండోది రెండు కిలోమీటర్ల దూరాన లంబాడీ తండాలో ఉన్న బడి. దానికి ఒకే గది, ఒకే ఉపాధ్యాయుడు. రెండూ సర్కారు బడులే.

బడి తెరిచిన కొత్తలో అందరికీ 50 మార్కుల పరీక్ష పెట్టాను. సగటు కట్టి నల్లబల్ల మీద రాశాను: ఊరి బడి 34, తండా బడి 19.

"ఏ బడి మంచిదో లెక్కే చెబుతున్నది, చూశారా?" అన్నాను.

తండా పిల్లలు తలలు వంచుకున్నారు. మరునాడు వాళ్లలో ఒక అబ్బాయీ, ఒక అమ్మాయీ బడికి రాలేదు.

నాలుగో రోజున నేనే తండాకు వెళ్లాను. మేకలు కాస్తున్న ఆ అబ్బాయి నన్ను చూసి చెట్టు చాటుకు పోయాడు. తండా మాస్టరు నన్ను కూర్చోబెట్టి, ఒక పాత నోటుపుస్తకం నా చేతికిచ్చాడు. దాని నిండా లంబాడీ మాటలు: నీళ్లకు 'పాణి', అమ్మకు 'యాడి', ఇంకా ఎన్నో.

"ఒకటో తరగతిలో చేరిననాడు ఈ పిల్లలకు తెలుగు రాదు, మాస్టారూ. ముందు నేను వాళ్ల మాట నేర్చుకుని, తరవాత వాళ్లకు మన మాట నేర్పాను. మీ లెక్క తప్పనను. కాని వాళ్లు ఎంతదాకా వచ్చారో చూశారు, ఎక్కణ్ణించి బయలుదేరారో చూడలేదు," అన్నాడాయన.

లెక్కల మాస్టర్నయి ఉండీ నాకా సంగతి తోచలేదు! ఒక మొక్క జానెడు, మరొకటి మూరెడు ఉన్నాయనుకోండి. ఏది బాగా పెరిగిందో చెప్పగలరా? నాటిననాడు ఎంత ఉన్నాయో తెలియాలి. నీరూ ఎండా ఎంత అందాయో తెలియాలి. బడి సంగతీ అంతే.

మరునాడు తరగతిలో అందరి ముందూ, "తప్పు నాది," అని ఒప్పుకున్నాను. వారానికి ఆ అబ్బాయి తిరిగి వచ్చాడు. అమ్మాయి మాత్రం ఇంటి పట్టునే ఉండిపోయింది. ఎన్నిసార్లు వెళ్లి అడిగినా రాలేదు. ఆ బాధ నాకు ఈనాటికీ పోలేదు.

మన నారాయణగూడలో మాడపాటి హనుమంతరావుగారి బాలికల పాఠశాల ఉన్నది. అది 1928లో మొదలయింది. ఆనాటి హైదరాబాదు రాజ్యంలో పై చదువులు ఉర్దూలో సాగేవి. ఆడపిల్లలకు ఇంటి భాషలో చదువు చెప్పాలని ఆ పెద్దలు తలచారు. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం కూడా, వీలైనంతవరకు బోధన పిల్లల మాతృభాషలోనే ఉండాలంటుంది. ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకూ పిల్లలుంటే ఇద్దరు ఉపాధ్యాయులుండాలని కూడా అంటుంది. ఆ తండా బడికి అప్పుడు ఈ రెండూ లేవు. ఉన్నది ఆ మాస్టరూ, ఆయన నోటుపుస్తకమూ!

ఇదంతా విని చిన్నవాడు, "అయితే ఏ బడి మంచిది, తాతగారూ?" అని మళ్లీ అడిగాడు.

"మీ బడిలో అందరికన్నా వెనకబడిన పిల్లవాణ్ణి మీ మాస్టారు ఏం చేస్తున్నారో చూసి వచ్చి నాకు చెప్పు. అప్పుడు ఇద్దరం కలిసి ఆలోచిద్దాం," అన్నాను.

పిల్లలూ, మీరూ చూడండి. పెద్దలు కూడా బడి వెతికేటప్పుడు మార్కులతోపాటు ఈ ప్రశ్న ఒకటి అడిగితే మంచిది.