పగడపు దీవులలో ఒక కెమిస్టు

ఎల్.టి.సి. అనగానే మనలో పలువురికి కాశ్మీరమో, కన్యాకుమారియో స్ఫురిస్తుంది. 2019 జనవరిలో మేము సకుటుంబంగా లక్షదీవులకు బయలుదేరాము. అనుమతి పత్రం లేనిదే అడుగు పెట్టనీయని చోటు అది. ఆ కాగితాల కోసం తిరిగిన తిరుగుడే అసలు యాత్ర అని మా శ్రీమతి అభిప్రాయం.

కొచ్చిలో ఓడ ఎక్కి, మరునాడు ఉదయం కళ్ళు తెరిచేసరికి ఎదుట కవరత్తి. కొండ లేదు, గుట్ట లేదు. నీటిపై పరచిన కొబ్బరాకు చాప వలె ఉంది. ఓడ ఒడ్డుకు పోదు. సముద్రంలోనే ఆపి, చిన్న పడవలలోకి దింపుతారు. ఊగే ఓడ నుండి ఊగే పడవలోకి కాలు మోపే ఆ క్షణాన ఇష్టదైవాన్ని తలచుకోనివారు మాలో లేరు.

ముప్పై ఆరు దీవులూ కలిపి 32 చదరపు కిలోమీటర్లే. మునిగిన అగ్నిపర్వతాల మీద పగడపు పురుగులు తరతరాలుగా కట్టుకున్న సున్నపు గూళ్ళే ఈ నేల. కాలి కింది తెల్లని ఇసుక కూడా పిండి అయిన పగడమే.

కల్పేనిలో అద్దపు అడుగు గల పడవ ఎక్కాము. దుప్పి కొమ్ముల వంటివి, మనిషి మెదడు వంటివి, పగడాలు ఎన్ని ఆకృతులో! వాటిని కొరుకుతూ చిలుకముక్కు చేపలు. పక్కనే శ్మశానం వలె బూడిదరంగు దిబ్బలు. 1998, 2010, 2016 సంవత్సరాలలో నీరు వేడెక్కి, పగడాలకు రంగునూ ఆహారాన్నీ ఇచ్చే శైవలాలు వాటిని విడిచిపోయాయని పడవవాడు చెప్పాడు. 2024లో మరల అదే జరిగింది.

వేడి సంగతి కంటికి కనిపిస్తుంది. కనిపించనిది మరొకటి ఉంది. అది నా వృత్తికి సంబంధించినది. మన విద్యుత్ కేంద్రంలో బాయిలర్ నీటిని పరీక్షించే పని నాది. నీటిలో బొగ్గుపులుసు వాయువు కరిగితే కార్బోనిక్ ఆమ్లమై గొట్టాలను తింటుంది. అందుకే గాలిని వెళ్ళగొట్టి, అమోనియా చేర్చి, పి.హెచ్. నిలబెడతాము. మన పొగగొట్టాలు, వాహనాలు వదిలే ఆ వాయువులో సుమారు నాలుగో వంతును సముద్రమే మింగుతోంది. పారిశ్రామిక యుగానికి ముందు 8.2 దగ్గర ఉన్న ఉపరితల జలాల పి.హెచ్. నేడు 8.1 దగ్గరకు దిగింది. సముద్రం ఆమ్లమైపోయిందనడం తప్పు, అది నేటికీ క్షారమే. కాని 0.1 తేడా అంటే హైడ్రోజన్ అయాన్లు పాతిక శాతం పైగా పెరిగినట్లు. లాగరిథమ్ కొలతలో చిన్న అంకె చేసే మాయ అది. పెరిగిన ఆ అయాన్లు నీటిలోని కార్బొనేటును పట్టుకుపోతాయి. పగడం గూడు కట్టుకోవడానికి కావలసిన సరుకు అదే. షిఫ్టులో 0.1 తేడా వస్తే కవాటం తిప్పి సరిచేసే నేను, ఆ పడవలో ఊరక కూర్చున్నాను.

ఆఖరి మజిలీ మినికాయ్. ఇక్కడి మహల్ భాష మాల్దీవుల భాషకు చుట్టం. 1885 నాటి దీపస్తంభం ఎక్కితే పగడపు వలయమంతా కనిపిస్తుంది. వీరు ట్యూనాను వలతో కాక గాలపు కర్రలతో పడతారు. ముందుగా లోపలి నిశ్చల జలాలలో చిట్టి చేపలను ప్రాణంతో పట్టి, సముద్రంలో ఎరగా చల్లుతారు. పగడాల నడుమ దాగే ఆ చిట్టి చేపలు లేకుంటే వేట లేదు. ఇటీవల ఎర కోసమే సగం పూట పోతోందని ఒక వృద్ధ జాలరి దుబాసీ ద్వారా చెప్పాడు. కారణం అడిగితే నవ్వి, మా అమ్మాయి చేతిలో ఎండు ట్యూనా ముక్క పెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె ఒడ్డున తెల్లని పగడపు ముక్క ఏరింది. ఇక్కడి నుండి తీసుకుపోవడం చట్టవిరుద్ధమని చెప్పాను. "మీ లాబ్‌లో ఆమ్లం చుక్క వేస్తే ఇది పొంగుతుందా, నాన్నగారూ?" అని అడిగింది. గొట్టాలలో పేరుకునే సున్నపు పెచ్చు ఎలా పొంగుతుందో అలాగే పొంగుతుందన్నాను. కాసేపు చేతిలో తిప్పి చూసుకుని, మోకాలిలోతు నీటిలోకి నడిచి వెళ్ళి, వంగి, అడుగున ఉంచి వచ్చింది. అప్పటికే పడవ వాళ్ళు తొందరపెడుతున్నారు.