అవసరమున్న ఊరు

రెసిడెన్సీకి అమెరికా వచ్చేముందు ఢిల్లీలోని ఆరోగ్య మంత్రిత్వ శాఖ నుంచి ఒక ఉత్తరం తెచ్చుకున్నాను. నేను నేర్చుకోబోయే వైద్యం తెలిసినవాళ్ళు దేశానికి అవసరమని ఆ ఉత్తరం సారాంశం. అదివ్వాలంటే, చదువైపోగానే తిరిగొస్తానని నేను రాసివ్వాలి. నోటరీ దగ్గర సంతకం పెడుతుంటే నాన్న పక్కనే ఉన్నాడు. "ఎలాగూ వచ్చేస్తావు కదా" అన్నాడు.

జె-1 వీసా మీద వచ్చిన డాక్టరు శిక్షణయ్యాక రెండేళ్ళు సొంత దేశంలో ఉండాలి. లేదంటే హెచ్-1బీ లేదు, గ్రీన్‌కార్డు లేదు. దీన్ని తప్పించుకోడానికి ఒక దారుంది. డాక్టర్లు చాలని చోట మూడేళ్ళు, వారానికి 40 గంటలు పనిచేస్తే మాఫీ. నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ పేరు మీద 1994లో వచ్చిన పథకమిది. మొదట ఏడాదికి రాష్ట్రానికి 20 మంది, 2002 నుంచి 30. కాలిఫోర్నియాకీ 30, నార్త్ డకోటాకీ 30! లెక్క వేసినవాడెవడో గానీ, జనాభా సంగతి మర్చిపోయినట్టున్నాడు.

నాకు కాన్సస్ పడమట, గోధుమ పొలాల మధ్య ఒక ఊరు దొరికింది. డాక్టరు కోసం ఎక్కడెక్కడ ప్రకటనలిచ్చారో, ఎలా ఎవరూ రాలేదో ఆస్పత్రివాళ్ళు నా అప్లికేషన్‌కి జతచేశారు. అది చదువుతుంటే శ్రీకాకుళం జిల్లాలో మా ఊరి పీహెచ్‌సీయే కళ్ళముందు కనబడింది. నా చిన్నప్పుడు అక్కడ డాక్టరు కుర్చీ మీద ఎప్పుడూ ఒక తువ్వాలు ఉండేది. డాక్టరు మాత్రం ఉండేవాడు కాదు. ఆ ఊరి కోసం ఏ చట్టమూ సముద్రం దాటొచ్చి ఎవర్నీ లాక్కెళ్ళదు. నా సంతకం ఒక్కటుంది, దానికేమో ఇక్కడ మాఫీ ఇచ్చేశారు.

రెండో ఏడు నైట్ డ్యూటీలు పెరిగాయి. గట్టిగా అడగలేకపోయాను. మధ్యలో మానేస్తే ఆ రెండేళ్ళ నిబంధన మళ్ళీ మెడకు చుట్టుకుంటుంది. ఇంకోచోటికి మారాలన్నా అసాధారణ కారణం చూపించాలి. నిద్ర చాలకపోవడం ఆ జాబితాలోకి రాదని లాయరు నవ్వుతూ చెప్పింది.

మొన్న ఒక ముసలి రైతు, బీపీ పట్టీ చుట్టుతుంటే అడిగాడు, "మీ మూడేళ్ళు ఎప్పుడైపోతాయి డాక్టర్?" వెటకారమేం లేదు. నాకు ముందున్నవాళ్ళు ఎప్పుడెళ్ళారో వరసగా చెప్పాడు. వచ్చే ఆగస్టుకి అన్నాను. తలూపి, చొక్కా చెయ్యి దించుకున్నాడు.

అతను వెళ్ళాక ఫోన్ చూశాను. నాన్న పంపిన ఫొటో, బీపీ మిషన్ మీద 168/100. కింద, "పీహెచ్‌సీలో ఎవరూ లేరు. మాత్ర ఇంకోటి వేసుకోనా?"

"వద్దు నాన్నా, పొద్దున్నే శ్రీకాకుళం వెళ్ళి చూపించుకో" అని కొట్టి, తర్వాతి పేషెంటుని పిలిచాను.